ఆర్‌వీ ప్రయాణంలో రాత్రి మజిలీ: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

అమెరికాలో బడులకు వేసవి సెలవులు దగ్గరపడే కొద్దీ ఈ శీర్షికకు ఆర్‌వీ (పడకలు, వంటిల్లు, మరుగుదొడ్డి ఉన్న ఇల్లులాంటి బండి) ప్రయాణాల గురించిన ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి రాసినవారిలో చాలామంది ఏ ఊళ్లు చూడాలని అడగలేదు. చీకటి పడ్డాక బండి ఎక్కడ నిలపాలి, నిలిపిన చోట ఎలా మసలుకోవాలి అని అడిగారు. అడగవలసిన ప్రశ్న అదే కనుక ఈ నెల శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మే నెల చివరి వారంలో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, విజయవాడ నుంచి వచ్చిన మా అత్తమామలు కలిసి 28 అడుగుల క్లాస్ సి (డ్రైవరు తల మీద కూడా పడక ఉండే రకం) ఆర్‌వీ అద్దెకు తీసుకుని గ్రాండ్ కాన్యన్‌కు వెళ్లాలనుకుంటున్నాము. రోజుకు 525 మైళ్ల చొప్పున నడిపితే రెండు రోజులలో చేరిపోతామని మావారు అంటున్నారు. రాత్రికి దారిలో ఎక్కడో ఒకచోట ఆగితే చాలునా, లేక ముందే స్థలం ఖాయం చేసుకోవాలా?
– ఒక పాఠకురాలు, డాలస్

సమాధానం: అమ్మా, మీవారి లెక్క కారుకు సరిపోతుంది గాని ఆర్‌వీకి సరిపోదు. డాలస్ నుంచి గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచైన సౌత్ రిమ్‌కు సుమారు 1,050 మైళ్లు. టెక్సస్ ఉత్తర భాగంలో, న్యూమెక్సికోలో బలంగా వీచే అడ్డగాలికి ఎత్తైన బండి పక్కకు ఊగుతూ ఉంటుంది. గంటకు 60 మైళ్లకు మించి నడపడం కొత్తవారికి మంచిది కాదు. పెట్రోలు కోసం, పిల్లల కోసం, పెద్దవారి కాళ్ల తిమ్మిరి పోగొట్టడం కోసం ఆగే సమయాన్ని కూడా కలుపుకుంటే 525 మైళ్లకు పన్నెండు గంటలు పడుతుంది. ఆర్‌వీలలో ఏళ్ల తరబడి తిరిగినవారు రోజుకు 300 మైళ్లు దాటవద్దని, మధ్యాహ్నం మూడు గంటలకల్లా మజిలీ చేరాలని, చేరినచోట వీలైతే మూడు రోజులు ఉండాలని చెప్పుకుంటారు. మూడు రోజుల మాట మీ సెలవులకు కుదరకపోవచ్చు కాని మొదటి రెండు మాటలు పాటించండి.

మూడు గంటల నియమం విలువ నాకు నష్టపోయాకే తెలిసింది. చాలా ఏళ్ల క్రితం మా మొదటి ప్రయాణంలో న్యూమెక్సికోలోని ఒక ఆర్‌వీ పార్కుకు రాత్రి పది దాటాక చేరాము. ఆఫీసు మూసి ఉంది. ఆలస్యంగా వచ్చేవారి కోసం తలుపు దగ్గర పెట్టిన కవరులో సైటు (బండి నిలిపే చోటు) నంబరు, పటం దొరికాయి గాని, అది వెనక్కి నడిపి పెట్టవలసిన సైటు. మా ఆవిడ ఫోను దీపం పట్టుకుని దారి చూపుతుండగా నేను వెనక్కి వెళుతూ నడుం ఎత్తు కూడా లేని కరెంటు స్తంభాన్ని తాకాను. స్తంభం వంగింది, బంపరు సొట్టపోయింది, రెండింటికీ డబ్బు నేనే కట్టాను. పగటి వెలుతురులో అది రెండు నిమిషాల పని. అప్పటినుంచి రాత్రి మజిలీలు నిర్ణయించుకున్నాకే మిగతా దారి గీసుకుంటున్నాను.

మీ ప్రయాణాన్ని నాలుగు భాగాలు చేయండి. మొదటి రోజు 360 మైళ్ల దూరంలోని అమరిల్లోకు వెళ్లండి. ఇది నేను చెప్పిన హద్దు కన్నా కాస్త ఎక్కువే కనుక తెల్లవారుజామున బయలుదేరాలి. అక్కడికి దక్షిణాన పాతిక మైళ్ల దూరంలో పాలో డ్యూరో కాన్యన్ స్టేట్ పార్కు ఉంది. కరెంటు, నీరు ఉన్న సైట్లు లోయ అడుగున, ఎర్రటి కొండల మధ్య ఉంటాయి. గ్రాండ్ కాన్యన్ చూడకముందే అత్తమామలకు కాన్యన్ అంటే ఏమిటో తెలుస్తుంది. అయితే లోయలోకి దిగే రోడ్డు బాగా వాలుగా ఉంటుంది, బ్రేకు మీద కాలు నొక్కి ఉంచకుండా తక్కువ గేరులో నిదానంగా దిగాలి. మే చివరన లోయ అడుగున పగటి ఎండ మండిపోతుంది కనుక కరెంటు లేని సైటు తీసుకోకండి. వాలు చూసి మీవారు జంకితే అమరిల్లోలోనే హైవే పక్కన ప్రైవేటు ఆర్‌వీ పార్కులు ఉన్నాయి. రెండవ రోజు 290 మైళ్లు నడిపి ఆల్బకర్కీలోను, మూడవ రోజు (ఇదీ హద్దు కాస్త దాటినదే) 325 మైళ్లు నడిపి ఫ్లాగ్‌స్టాఫ్‌లోను ఆగండి. నాలుగవ రోజు మిగిలేది 80 మైళ్లే, మధ్యాహ్న భోజనం వేళకు రిమ్ మీద ఉంటారు. దారిలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్కు తప్పక చూడండి. కాని అక్కడ ఆర్‌వీలకు క్యాంప్‌గ్రౌండ్ లేదు, పొద్దుగూకేలోగా బయటపడాలి.

గ్రాండ్ కాన్యన్ గ్రామంలో మీకు రెండు దారులు ఉన్నాయి. ట్రెయిలర్ విలేజ్‌లో కరెంటు, నీరు, మురుగు మూడు కనెక్షన్లూ ఉంటాయి, 50 అడుగుల బండి కూడా పడుతుంది. దాని పక్కనే ఉన్న మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో చెట్ల నీడ ఎక్కువ, ఖర్చు తక్కువ, కనెక్షన్లు మాత్రం ఉండవు. 30 అడుగులు దాటిన బండిని అక్కడ ఒప్పుకోరు, మీది 28 కనుక సరిపోతుంది. మాథర్ సైట్లను ఆరు నెలల ముందు నుంచే బుక్ చేసుకోవచ్చు కనుక, మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే వారాంతానికి సైట్లన్నీ ఎప్పుడో నిండిపోతాయి. రద్దయినవి మళ్లీ జాబితాలోకి వస్తుంటాయి, రోజూ ఉదయం చూస్తూ ఉండండి. పెద్దవారు ఉన్నారు కనుక నా ఓటు ట్రెయిలర్ విలేజ్‌కే. సౌత్ రిమ్ ఎత్తు సుమారు 7,000 అడుగులు. మే నెలలో కూడా రాత్రులు గడ్డకట్టే చలికి దగ్గరగా వస్తాయి, రాత్రంతా హీటరు నడవాలంటే కరెంటు ఉండటం మేలు. రెండు చోట్ల నుంచీ రిమ్‌కు ఉచిత షటిల్ బస్సులు ఉన్నాయి కనుక ఒకసారి నిలిపిన ఆర్‌వీని మళ్లీ కదపవలసిన పని లేదు.

ఒక మాట మరిచాను. బండి తీసుకునేటప్పుడు వెనుక పడకగది ఉన్నదే తీసుకోండి. డ్రైవరు తల మీద ఉండే పడకకు నిచ్చెన ఎక్కాలి; అది పిల్లలకు సంబరం, అరవై దాటిన మోకాళ్లకు శిక్ష.

ప్రశ్న: 30 ఆంప్, 50 ఆంప్ అని ఆర్‌వీ పార్కుల వారు అడుగుతారు. పోయిన ఏడాది మేము 30 ఆంప్ సైటు తీసుకుంటే రైస్ కుక్కర్ పెట్టిన ప్రతిసారీ కరెంటు పోయింది. లోపం పార్కుదా, బండిదా?
– ఒక పాఠకుడు, అట్లాంటా

సమాధానం: రెండింటిదీ కాదు, లెక్కది. ఆంప్ అంటే సాకెట్టు ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే కొలత. 30 ఆంప్ సైటులో వచ్చేది 120 వోల్టుల ఒకే తీగ, అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ నడుస్తున్నప్పుడు సుమారు 1,500, కరెంటు మీద పెట్టిన వాటర్ హీటరు సుమారు 1,400, రైస్ కుక్కర్ ఇంకో 700 వాట్లు తీసుకుంటాయి. ఇంతటితోనే అంచుకు వచ్చేశాము. ఈలోగా ఎవరో పాలు వెచ్చబెట్టడానికి మైక్రోవేవ్ మీట నొక్కితే బ్రేకరు పడక ఏమవుతుంది? వాటర్ హీటరును ప్రొపేన్ గ్యాసు మీదికి మార్చండి, లేదా అన్నం ఉడికే ఇరవై నిమిషాలు ఏసీ ఆపండి, సమస్య తీరుతుంది. 50 ఆంప్ సైటులో ఒకటికి రెండు తీగలు వస్తాయి కనుక మొత్తం 12,000 వాట్లు. కాని బండి 30 ఆంప్‌దయితే, అడాప్టరు పెట్టి 50 ఆంప్ సాకెట్టుకు తగిలించినా బండిలోకి వచ్చేది 3,600 వాట్లే. అందుకోసం అదనపు అద్దె కట్టవద్దు.

ప్లగ్గు పెట్టేముందు స్తంభం మీది బ్రేకరు ఆపి, పెట్టాక వేయండి. తీసేటప్పుడూ అంతే. నీటి గొట్టానికి ముందు ప్రెషర్ రెగ్యులేటర్ బిగించడం మరవకండి. కొన్ని పార్కులలో నీటి ఒత్తిడి బండి లోపలి సన్నని గొట్టాలు పగిలేంత ఎక్కువగా ఉంటుంది.

వంట సంగతి వచ్చింది కనుక, మన ఇళ్లకే ప్రత్యేకమైన ఒక చిక్కు చెబుతాను. ఆర్‌వీలో పొయ్యికి, పొగ అలారానికి మధ్య దూరం నాలుగడుగులు కూడా ఉండదు. ఆవాలు చిటపటమని, ఎండుమిరపకాయ నల్లబడేలోగా అలారం మోగి చుట్టుపక్కల నాలుగు బండ్ల వారూ తలుపులు తీసి చూస్తారు. అలారం బ్యాటరీ ఊడదీయడం చాలామంది చేసే పని, అది ప్రాణాల మీదికి తెచ్చే పని కూడా. ప్రొపేన్, జనరేటర్ ఉన్న చిన్న గదిలో పొగను, గ్యాసును, కార్బన్ మోనాక్సైడును పసిగట్టే పరికరాలు తప్పక పనిచేస్తూ ఉండాలి. దాదాపు ప్రతి సైటులోనూ పిక్నిక్ బల్ల ఉంటుంది కదా, పోపులు, వేపుళ్లు బయట గ్యాసు పొయ్యి మీద కానివ్వండి. 7,000 అడుగుల ఎత్తున నీరు సుమారు 93 డిగ్రీలకే మరుగుతుంది కనుక మూత పెట్టిన గిన్నెలో కందిపప్పు ఎంతకీ మెత్తబడదు. చిన్న ప్రెషర్ కుక్కర్ ఒకటి వెంట తీసుకెళ్లండి.

ప్రశ్న: అడగడానికి మొహమాటంగా ఉంది. ఆర్‌వీలో మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేయడం ఎలా? మా నాన్నగారు నీళ్లు లేకుండా ఉండలేరు, చెంబు వాడితే ట్యాంకు పాడవుతుందా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

సమాధానం: మొహమాటపడకండి. ఈ ఒక్క భయంతో ఆర్‌వీ ప్రయాణమే మానుకున్న కుటుంబాలు నాకు తెలుసు. పైగా మీ నాన్నగారి అలవాటు ట్యాంకుకు మంచిదే. మరుగుదొడ్డి కింద ఉండేది బ్లాక్ ట్యాంకు. వంటింటి తొట్టి నీరు, స్నానపు నీరు చేరేది గ్రే ట్యాంకు. నీరు తక్కువై, కాగితం ఎక్కువైతే బ్లాక్ ట్యాంకు అడుగున మురికి గట్టిపడి గుట్టలా పేరుకుంటుంది. నీరు ధారాళంగా పోసేవారి ట్యాంకు శుభ్రంగా ఖాళీ అవుతుంది. కాకపోతే అది త్వరగా నిండుతుంది కనుక ఆరుగురు ఉన్న బండిలో రెండు మూడు రోజులకు ఒకసారి ఖాళీ చేసే ఏర్పాటు చూసుకోవాలి.

సైటులో మురుగు కనెక్షన్ ఉంటే గొట్టం బిగించి రెండు వాల్వులూ తెరిచి పెట్టేయాలని కొత్తవారు అనుకుంటారు. అది పెద్ద పొరపాటు. బ్లాక్ వాల్వు తెరిచి ఉంచితే నీరంతా జారిపోయి, గట్టిది లోపలే మిగులుతుంది. మూసి ఉంచి, ట్యాంకు మూడింట రెండు వంతులైనా నిండాక ఒక్కసారి తెరవాలి. అది ఖాళీ అయ్యాక మూసి, అప్పుడు గ్రే వాల్వు తెరిస్తే, సబ్బు నీరు అదే గొట్టాన్ని కడుగుతూ పోతుంది. ఈ వరుస తిరగవేయకూడదు. చేతి తొడుగులు వేసుకోవాలి. తాగునీటి తెల్ల గొట్టాన్ని ఈ పనికి, ఈ పని గొట్టాన్ని తాగునీటి కుళాయికి ఎన్నడూ తగిలించకూడదు, రెండింటినీ ఒకే అరలో పెట్టకూడదు. సైటులో మురుగు కనెక్షన్ లేకపోతే వెళ్లేటప్పుడు డంప్ స్టేషన్‌లో ఇదే పని చేస్తారు. ఆదివారం ఉదయం అక్కడ బండ్లు బారులు తీరతాయి. త్వరగా వెళితే మీకే మంచిది.

గ్రే ట్యాంకు విషయంలో మన వంటలకు జాగ్రత్త అవసరం. నూనె, పసుపు, సాంబారు అడుగు తొట్టిలో పారబోస్తే మూడవ రోజుకు బ్లాక్ ట్యాంకే నయమనిపించే వాసన వస్తుంది. గిన్నెలను ముందు కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని చెత్తలో వేసి, తర్వాతే కడగండి. బియ్యం కడిగిన నీటిని చెట్టు మొదట్లో పోయాలని మన చేతులు ఉబలాటపడతాయి. క్యాంప్‌గ్రౌండ్‌లో అది కూడా కూడదు, తిండి వాసనకు జంతువులు వస్తాయి.

ప్రశ్న: ఆర్‌వీ పార్కులకు డబ్బు పోయడం ఎందుకని, వాల్‌మార్ట్ ఆవరణలోనో, హైవే పక్కన ఆగే రెస్ట్ ఏరియాలోనో ఉచితంగా పడుకోవచ్చని మిత్రులు చెబుతున్నారు. ఇది చట్టబద్ధమేనా?
– ఒక పాఠకుడు, శాన్ హోసే

సమాధానం: చోటును బట్టి ఉంటుంది. వాల్‌మార్ట్‌లో దుకాణం మేనేజరుదే నిర్ణయం, అది కూడా ఆ ఊరి నిబంధనలు అనుమతిస్తేనే. ముందు ఫోను చేసి అడగండి, పక్క ఊరి దుకాణం ఒప్పుకుంది కదా అని ఇక్కడా ఒప్పుకుంటారని అనుకోకండి. అనుమతి దొరికినా అది పార్కింగుకే గాని క్యాంపింగుకు కాదు. కుర్చీలు వేయడం, బయట పొయ్యి వెలిగించడం, బండి పక్కన గుడ్డ పందిరి లాగడం చేయకూడదు. రాత్రి వచ్చి, పడుకుని, పొద్దున్నే సరుకులు కొని వెళ్లిపోవడమే మర్యాద. ఆ మర్యాద తప్పినవారి వల్లనే చాలా దుకాణాలు అనుమతి ఎత్తివేశాయి.

రెస్ట్ ఏరియాలలో రాష్ట్రానికో లెక్క. టెక్సస్‌లో 24 గంటల వరకు ఉండవచ్చు, డేరా వేయరాదు. మీ కాలిఫోర్నియాలో ఎనిమిది గంటలే. నేషనల్ పార్కులలో నియమం ఇంకా గట్టిది. ఎల్లోస్టోన్ వంటి చోట కేటాయించిన క్యాంప్‌సైటులో తప్ప రోడ్డు పక్కన గాని, పార్కింగులో గాని రాత్రి ఉండనివ్వరు.

నిజంగా ఉచితంగా, నిజంగా క్యాంపింగులా గడపాలంటే పశ్చిమ రాష్ట్రాలలో బీఎల్‌ఎమ్ అనే కేంద్ర సంస్థ అధీనంలోని ప్రభుత్వ భూములు ఉన్నాయి. నిషేధం లేని చోట్ల, సాధారణంగా 28 రోజుల వ్యవధిలో 14 రోజుల వరకు ఒక తావున ఉండవచ్చు. నీరు ఉండదు, కరెంటు ఉండదు, మరుగుదొడ్డి ఉండదు, చెత్త మీరే మోసుకుపోవాలి. నక్షత్రాలు మాత్రం మన పల్లెల్లో చిన్నప్పుడు డాబా మీద పడుకుని చూసినట్లు కనిపిస్తాయి. ట్యాంకులు, బ్యాటరీలు ఎన్ని రోజులు వస్తాయో మీకు బాగా తెలిశాకే ఇక్కడికి వెళ్లండి, మొదటి ప్రయాణంలో వద్దు. జూలై ఎండలో పసిపిల్లలతోనో, పెద్దవారితోనో కరెంటు లేని చోట ఆగితే ఏసీ కోసం రాత్రంతా జనరేటర్ నడపాలి. అద్దె బండి అయితే దానికి గంటల లెక్కన రుసుము ఉంటుంది, పెట్రోలు వేరు, మోత వేరు. ఇవన్నీ కలిపి చూస్తే ఉచితమన్నది ఎంతో మిగలదు. వారం రోజుల ప్రయాణంలో ఒకటి రెండు రాత్రులు, కేవలం నిద్రకోసం ఆగే చోట మాత్రమే వాల్‌మార్ట్ సబబని నా అభిప్రాయం.

ప్రశ్న: గుడ్డ గోడలు విప్పి పరిచే పాపప్ ట్రెయిలరు మాకు ఉంది. ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కు బుక్ చేయబోతే అది కుదరదన్నారు. కారణం ఏమిటి? ఎలుగుబంట్ల భయం అంత ఉందా?
– ఒక పాఠకుడు, సియాటిల్

సమాధానం: ఫిషింగ్ బ్రిడ్జ్ చుట్టుపక్కల గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరుగుతాయి, అందుకే అక్కడ గట్టి గోడల బండ్లను మాత్రమే అనుమతిస్తారు. డేరాలు, గుడ్డ గోడల ట్రెయిలర్లు నిషిద్ధం. ఎల్లోస్టోన్ లోపల కరెంటు, నీరు, మురుగు మూడూ ఉన్న క్యాంప్‌గ్రౌండ్ అదొక్కటే కనుక అందరూ దానికోసమే ఎగబడతారు. మీరు మాడిసన్, గ్రాంట్ విలేజ్, బ్రిడ్జ్ బే వంటి చోట్ల ప్రయత్నించండి. కనెక్షన్లు ఉండవు కాని మీ ట్రెయిలరును అనుమతిస్తారు. జూలైలో కూడా రాత్రి చలి గడ్డకట్టేంత వరకు దిగవచ్చు, దుప్పట్లు ఎక్కువే పెట్టుకోండి.

భయం కన్నా క్రమశిక్షణ ముఖ్యం. ఎలుగుబంటి కంటే ముందు దాని ముక్కు వస్తుంది. తిండి ఒక్కటే కాదు, వండిన గిన్నెలు, టూత్‌పేస్టు, సబ్బు, తల నూనె, ఖాళీ సీసాలు, అన్నీ వాసన వేసేవే. వాడనప్పుడు వీటిని కారులో పెట్టి అద్దాలు బిగించి తాళం వేయాలి, లేదా సైటులో ఇనుప పెట్టె ఉంటే అందులో పెట్టాలి. మూత బిగించిన ఆవకాయ జాడీకి వాసన రాదని మీకు అనిపించవచ్చు. మూత మీది నూనె చుక్క చాలు, దాన్ని గుడ్డ గోడల మధ్య పెట్టుకుని నిద్రపోకండి. పగటిపూట ఎలుగుబంట్లకు, తోడేళ్లకు 100 గజాలు, అడవిదున్నలకు, ఎల్క్ అనే పెద్ద జింకలకు 25 గజాలు తగ్గకుండా దూరం పాటించాలి. సాధువులా మేస్తూ కనిపించే అడవిదున్న దగ్గర ఫోటో కోసం నిలబడి గాయపడినవారు ఏటా ఉంటారు.

ప్రశ్న: ఆర్‌వీ కదులుతున్నప్పుడు మా అమ్మ వెనుక మంచం మీద పడుకోవచ్చా? ఆర్‌వీ నడపడానికి వేరే లైసెన్సు కావాలా?
– ఒక పాఠకుడు, చికాగో

సమాధానం: పడుకోకూడదు. బండి కదులుతున్నంతసేపు అందరూ బెల్టు ఉన్న సీట్లలోనే కూర్చోవాలి. పిల్లల కారు సీటు ముందుకు చూసే సీటు మీదే బిగించాలి. లైసెన్సు విషయానికి వస్తే, అద్దెకు ఇచ్చే ఆర్‌వీల బరువు సాధారణంగా 26,000 పౌండ్లకు లోపలే ఉంటుంది కనుక మామూలు లైసెన్సు సరిపోతుంది.

ప్రశ్న: ఆరిజోనాలో గడియారం మార్చుకోవాలా? మాన్యుమెంట్ వ్యాలీలో మా క్యాంప్‌సైటుకు ఆలస్యంగా చేరతామేమోనని భయం.
– ఒక పాఠకురాలు, హ్యూస్టన్

సమాధానం: మంచి ప్రశ్న, చాలామంది మోసపోయేది ఇక్కడే. హ్యూస్టన్ నుంచి న్యూమెక్సికో చేరేసరికి మీకు ఒక గంట కలిసివస్తుంది. చాలా రాష్ట్రాలు వేసవిలో గడియారం ఒక గంట ముందుకు జరుపుతాయి, ఆరిజోనా జరపదు కనుక అక్కడ ఇంకో గంట కలిసివస్తుంది. కాని ఆరిజోనాలోనే ఉన్న నవాహో నేషన్ (నవాహో ఆదివాసుల) భూములలో మాత్రం గడియారం ముందుకు జరుపుతారు, మాన్యుమెంట్ వ్యాలీ ఆ భూములలోదే. అందువల్ల ఆ భూముల బయట ఉన్న పేజ్ పట్టణంలో మధ్యాహ్నం రెండు గంటలైతే మాన్యుమెంట్ వ్యాలీలో మూడు గంటలు అయినట్లే. దారి పొడవునా ఫోను తనంతట తాను ఏ టవరుకు తగులుకుంటే ఆ సమయం చూపిస్తుంది కనుక ఆ రోజు దాన్ని నమ్మకండి. పేజ్ నుంచి బయలుదేరేటప్పుడే చేతి గడియారాన్ని ఒక గంట ముందుకు తిప్పి పెట్టుకుని, సైటు వారు చెప్పిన వేళను దానితో సరిచూసుకోండి.